పాయింట్ మూడు సెకన్లు

షోళింగనల్లూరు,
జూన్ 22

మాస్టారికి, జానకమ్మ గారికి నమస్కారాలు.

మీ షరతు ప్రకారమే ఉత్తరం రాస్తున్నాను. "ఏడాదిపాటు ఈ గ్రౌండు వైపు రావద్దు, ఫోన్ చెయ్యొద్దు. ఇద్దరు కోచ్‌లు చెబితే కాలు ఎవరి మాటా వినదు. మరీ ఉండబట్టకపోతే ఉత్తరం రాయి, అది చేరేలోపు నీ కోపం దిగుతుంది, ఏడుపు ఆరుతుంది" అన్నారు కదా. ఒకే ఊళ్ళో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు ఉండి ఉత్తరాలేంటని నా రూమ్మేట్ చిత్ర పడీ పడీ నవ్వుతోంది. పోస్టాఫీసులో ఇన్‌లాండ్ లెటర్ అడిగితే కౌంటర్లో ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, వెతికి, దుమ్ము దులిపి ఇచ్చాడు.

అకాడమీ చాలా బాగుంది. ఎర్రటి ట్రాకు, నడిస్తేనే ఎగిరినట్టుంటుంది. మన గ్రౌండులోలా గులకరాళ్ళు ఏరుకునే పని లేదు. ట్రాకు కింద ఒకచోట పలక అమర్చారు. దానిమీద కాలు పడితే ఎంత బలంగా కొట్టామో కంప్యూటర్లో తెలుస్తుంది. కోచ్ నిరంజన్ సార్‌ది హైదరాబాదు, మనిషి నెమ్మదస్తుడు. కొత్తగా వచ్చేవాళ్ళందరికీ ముందు ట్రయల్ పెడతారట. నాకు పెట్టలేదు. "భక్తవత్సలం గారు చేత్తో పట్టిన వాచ్‌లో వంద మీటర్లకి 11.9 అని రాసిచ్చారంటే అంతే. ముప్ఫై ఏళ్ళలో ఆయన టైం తప్పని ఎవరూ అనలేదు" అన్నారు. నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

సీటు ఏడాదికే. గది, తిండి, బూట్లు, ఫిజియో అన్నీ వాళ్ళవే. కాని మార్చిలో జరిగే రాష్ట్ర మీట్‌లో ఎలక్ట్రానిక్ టైంలో వంద మీటర్లు పన్నెండు సెకన్ల లోపు పరిగెత్తాలి. లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. వచ్చే వారం మొదటి ట్రయల్.

ఇక్కడ ఉదయం గుడ్లు, ఓట్స్ పెడతారు. అమ్మగారి రాగి కంజి మాత్రం దొరకదు.

మీ
వర్షిణి


తిరువొత్తియూరు,
జూలై 3

చి. వర్షిణికి ఆశీస్సులు.

నీ ఉత్తరం ఐదు రోజులకి చేరింది. నువ్వే పరిగెత్తుకుంటూ తెచ్చి ఇచ్చినా ఇంతకంటే ముందు అందేది. కళ్ళద్దాలు ఎక్కడో పెట్టి మర్చిపోయాను, జానకి చదివి వినిపించింది. కంజి మాట దగ్గర ఆగి, ఆ వాక్యం రెండోసారి చదివింది. మీ నాన్న కోటి మొన్న పోర్టు నుంచి కంటైనర్ లారీ తోలుకుంటూ మన వీధి చివర ఆపి, "అమ్మాయి ఎట్టుందంట మాస్టారూ?" అని అడిగిపోయాడు. నాకు తెలిసినంతా చెప్పాను. అంటే ఓట్స్ సంగతి.

పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని సామెత. మన వృత్తికి పనికిరాని సామెత అది, అలాంటివి తలకెక్కించుకోకు. నిరంజన్ చదువుకున్నవాడు. కంపెనీలో టైర్లు దింపుకుంటూ, సాయంత్రాలు గ్రౌండులో నిలబడి నేర్చుకున్నవాణ్ణి నేను. ఇద్దరి మాటా ఒకటి కానప్పుడు ఆయన మాటే విను.

మొదటి ట్రయల్‌లో కంగారుపడకు. టైం రాయి.

భక్తవత్సలం


షోళింగనల్లూరు,
ఆగస్టు 2

మాస్టారికి నమస్కారాలు.

ట్రయల్ బాగానే జరిగింది.

నిరంజన్ సార్ రోజూ ఒక కొత్త సంగతి చెబుతున్నారు. వేగమంటే కాళ్ళు గబగబా ఆడించడం అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది కాదట. గాల్లో ఉన్న కాలు వెనకనుంచి ముందుకు తెచ్చుకోవడానికి నాకూ ప్రపంచ చాంపియన్‌కీ దాదాపు ఒకటే టైం పడుతుందట. తేడా అంతా కాలు నేలమీద ఉన్నప్పుడే. అది ఉండేది సెకనులో పదో వంతు. ఆ కాస్తలో ఎవరు నేలను ఎక్కువ బలంగా కొడితే వాళ్ళు ఎక్కువ దూరం పోతారు. "స్పీడ్ నీ కాళ్ళల్ల లేదు వర్షిణీ, నేలల్ల ఉంది. నువ్వెంత గట్టిగ కొడితే అది నిన్ను అంత దూరం విసురుతది" అంటారు సార్.

ఇంకొకటి వింటే మీరు నవ్వుతారు. యాభై, అరవై మీటర్లు దాటాక ఎవ్వరికీ వేగం పెరగదట. అక్కణ్ణించి అందరమూ నెమ్మదిస్తూనే వస్తామట. చివర్లో ఎవరో దూసుకొచ్చినట్టు మనకి కనబడుతుంది చూడండి, అది పక్కవాళ్ళు ఎక్కువ నెమ్మదించడమే.

మీ అక్షరాలు ఇంత పెద్దవయ్యాయేం మాస్టారూ? రెండు పేజీలు తిప్పితే పది వాక్యాలు లేవు. లైను మీద లైను ఎక్కింది కూడా.

మీ
వర్షిణి


తిరువొత్తియూరు,
ఆగస్టు 14

చి. వర్షిణికి,

"బాగానే" అనేది టైం కాదు. నంబరు రాయి.

నా అక్షరాల సంగతి నాకు తెలుసు. పెన్ను మంచిది కాదు.

భక్తవత్సలం


షోళింగనల్లూరు,
సెప్టెంబరు 1

మాస్టారికి,

12.46.

ఆ నంబరు రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. మీ దగ్గర దాచాలని కాదు. ఇంకో ట్రయల్‌లో సరిచేసుకుని రాద్దామనుకున్నాను. రెండోసారి 12.43 వచ్చింది.

నిరంజన్ సార్ కోప్పడలేదు, అదే ఎక్కువ బాధ. బోర్డు మీద లెక్క వేసి చూపించారు. చేత్తో పట్టిన వాచ్‌కి, పరుగు మొదలుపెట్టే తుపాకీతో ముడిపెట్టిన ఎలక్ట్రానిక్ గడియారానికి ఎప్పుడూ తేడా ఉంటుందట. మనిషి వేలు వాచ్ నొక్కడం కొంచెం ఆలస్యమవుతుంది కదా, అందుకని చేతి టైంకి పాయింట్ రెండు నాలుగు కలుపుతారు. 11.9కి కలిపితే 12.14. అంటే కొత్తచోటు, కొత్త బూట్లు అనుకున్నా నేను 12.2 దగ్గర ఉండాలి. 12.46 ఎలా వచ్చింది? ఆ మిగతా పాయింట్ మూడు ఎక్కడ పోయింది?

అప్పటినుంచి ఆ పాయింట్ మూడు కోసం అందరం వెతుకుతున్నాం. రక్తం పరీక్ష చేయించారు, ఇనుము కొంచెం తక్కువ ఉందని మాత్రలిచ్చారు. నిద్ర ఎన్ని గంటలో రాసుకోమన్నారు. వీడియో తీసి మోకాలు ఎత్తడం, చెయ్యి ఊపడం అంగుళం అంగుళం చూశారు. చివరికి ఒకరోజు కండ గురించి చెప్పారు. కండలో చటుక్కున ముడుచుకునే పోగులు కొన్ని, నిదానంగా ముడుచుకునేవి కొన్ని ఉంటాయట. ఎవరికి ఏవి ఎక్కువో చాలావరకు పుట్టుకతోనే వస్తుందట. సాధనతో మార్చుకోగలిగేది కొంతే. అది విన్న రోజు అన్నం సహించలేదు.

"వాచ్ పట్టినాయన మీ చుట్టమా?" అని ఒక అమ్మాయి అడిగింది. ఆమెతో మాట్లాడటం మానేశాను. మీ వాచ్‌ని ఎవరేమన్నా నేను పడను. తప్పు నాలోనే ఉంది, ఏంటో తెలియడం లేదు.

వర్షిణి


తిరువొత్తియూరు,
సెప్టెంబరు 15

చి. వర్షిణికి ఆశీస్సులు.

ఈ ఉత్తరం జానకి చేత రాయిస్తున్నాను. నా పెన్ను ఇంకా బాగుపడలేదు.

నంబరు చెప్పావు, అది చాలు. పాయింట్ మూడు ఎక్కడికీ పోదు. పరుగు మొదట్లో కాళ్ళు ఆనించే బ్లాకులు వాడటం నీకు కొత్త. మన గ్రౌండులో గుంట తవ్వి కాలు పెట్టేదానివి. లేచేటప్పుడు భయపడి తల ఎత్తేస్తున్నావేమో చూసుకో. ఓట్స్ మానేసి అన్నం తిను. ఎండ ఎక్కడైనా ఎండే, కాని కొత్త నీళ్ళు పడకపోవచ్చు. గోరంత దాన్ని కొండంత చేసుకోకు.

నా వాచ్ మాత్రం తప్పదు. రెండేళ్ళు సాయంత్రం సాయంత్రం నేనే గీత దగ్గర నిలబడి పట్టిన టైం అది. 11.9 నువ్వు నాలుగుసార్లు పరిగెత్తావు. ఆ పరుగు నీలో ఉంది.

భక్తవత్సలం

(అమ్మాయీ, పెన్ను బాగానే ఉంది. కంట్లో పొర అడ్డం పడి రెండేళ్ళయింది, డాక్టరు దగ్గరికి దా అంటే రాడు. ఇది ఆయనకి చదివి వినిపించడం లేదు. నువ్వయినా రాయి, నీ మాట వింటాడు. జానకి)


షోళింగనల్లూరు,
సెప్టెంబరు 23

మాస్టారూ,

మీరు కంటి ఆపరేషన్ చేయించుకునేదాకా నేను ఒక్క టైం కూడా మీకు రాయను. అమ్మగారిని ఏమీ అనకండి.

వర్షిణి


షోళింగనల్లూరు,
డిసెంబరు 10

మాస్టారికి, అమ్మగారికి నమస్కారాలు.

నవంబరులో ఆపరేషన్ అయిందని, కట్టు కూడా విప్పారని నాన్న చెప్పాడు. చాలా సంతోషం. మాట ప్రకారం టైం రాస్తున్నాను. అక్టోబరులో 12.31. మొన్న 12.22.

చూస్తే తగ్గుతున్నట్టే ఉంది. కాని నిజం ఆలోచించండి మాస్టారూ. ఎర్ర ట్రాకు, గుడ్లు, ఫిజియో, కంప్యూటరు ఏవీ లేకుండా గులకరాళ్ళ గ్రౌండులో నేను అంతకంటే బాగా పరిగెత్తాను. ఇక్కడ ఆరు నెలలు ఒళ్ళు హూనం చేసుకుని, పాత నా దగ్గరికి నేనే ఇంకా చేరలేదు. అంటే నాకు రాసిపెట్టింది ఎప్పుడో అయిపోయింది. నిరంజన్ సార్ కూడా నాలుగు వందల మీటర్లకి మారి చూద్దామా అన్నారు. దయతలిచి అన్నారని నాకు అర్థమైంది.

ఇక్కడే ఆఫీసు క్యాబ్‌లు నడిపే కంపెనీలో, ఏ కారు ఎవరిని ఎక్కించుకోవాలో ఫోన్లో చెప్పే ఉద్యోగం ఉంది. మా ప్రభ అత్త అక్కడే చేస్తోంది, మాట్లాడిపెట్టింది. నెలాఖరుకి సీటు వదిలేసి జనవరి ఒకటిన చేరతాను. అమ్మానాన్నలకి ఇంకా చెప్పలేదు, ముందు మీకే చెబుతున్నాను. మీరు నాకు చేసింది ఎవరూ చెయ్యరు. అది నిలబెట్టలేకపోయినందుకు క్షమించండి.

వర్షిణి


తిరువొత్తియూరు,
డిసెంబరు 15

చి. వర్షిణికి,

ఇది నా చేత్తో రాస్తున్నాను. అక్షరాలు ఎలా ఉన్నాయో చూడు, లైను మీద లైను ఎక్కడం లేదు. ఉత్తరం మొత్తం చదివాకే ఏదైనా చెయ్యి.

నువ్వు ఎక్కడా ఏమీ పోగొట్టుకోలేదు. నువ్వు ఎప్పుడూ 11.9 పరిగెత్తలేదు. తప్పు నాది.

మన పద్ధతి నీకు తెలుసు. ఆ చివర వెల్డింగు షాపు గిరి నిలబడి చేతులు పైకెత్తి రెండు చెక్కపలకలు ఠపీమని కొడతాడు. ఈ చివర గీత దగ్గర నేను వాచ్ పట్టుకుంటాను. పలకలు కలవడం కంటితో చూసి వాచ్ నొక్కాలి, చప్పుడు విని కాదు. చప్పుడు వంద మీటర్లు దాటి రావడానికి దాదాపు పాయింట్ మూడు సెకన్లు పడుతుంది. ఈ మాట నేను ఎంతమంది టైం కీపర్లకి నేర్పానో లెక్కలేదు. "చెవితో వాచ్ పట్టేవాడు ఇంటికి పోవచ్చు" అని మైకులో అరిచినవాణ్ణి నేను.

రెండేళ్ళ కిందట కంట్లో పొర మొదలైంది. సాయంత్రం ఎదురుగా పడే ఎండ వెలుగులో ఆ చివర గిరి తెల్లటి మరకలా ఉండేవాడు. చేతులు కనపడేవి కావు. ఎప్పుడు చూడటం మానేసి వినడం మొదలుపెట్టానో నాకే తెలియదు, నిజంగా తెలియదు. చూస్తున్నాననే అనుకున్నాను. నువ్వు సగం దూరం వచ్చాక మసకగా తేలేదానివి, గీత దగ్గర మాత్రం స్పష్టంగా కనపడేదానివి. గీత దగ్గర వాచ్ ఆపడంలో పొరపాటు లేదు. మొదలుపెట్టడంలోనే ఉంది. నువ్వు బయల్దేరిన పాయింట్ మూడు సెకన్ల తర్వాత నా వాచ్ బయల్దేరింది, ప్రతిసారీ.

ఆ రెండేళ్ళలో మన గ్రౌండులో పిల్లలందరికీ ఒక్కసారిగా వేగం పెరిగింది. నా శిక్షణ గొప్పతనం అనుకుని మురిసిపోయాను. నవ్వు, పర్వాలేదు.

ఆపరేషన్ అయ్యాక నవంబరు చివర్లో నల్ల కళ్ళజోడు పెట్టుకుని గ్రౌండుకి పోయాను. గిరి పలకలు కొట్టాడు. పలకలు కలవడం చూశాను, తర్వాత చప్పుడు వచ్చింది. మధ్యలో ఖాళీ ఉంది. పరిగెత్తేవాళ్ళని పక్కన కూర్చోమని, గిరి చేత ఉత్తినే పదిసార్లు కొట్టించాను. రెండు చేతుల్లో రెండు వాచ్‌లు. ఒకటి కంటితో నొక్కాను, ఒకటి చెవితో. రెంటికీ తేడా పాయింట్ మూడు, పాయింట్ మూడు, పాయింట్ రెండు, మళ్ళీ పాయింట్ మూడు. అక్కడే గీత మీద కూలబడ్డాను. జానకి పరిగెత్తుకొచ్చి, "ఏమయ్యా, కండ్లు లేనప్పుడు నిలబడి ఉంటివి, కండ్లు వచ్చినాక ఈడ కూలబడ్డావే?" అంది.

ఇప్పుడు లెక్క వేసుకో. 11.9కి చెయ్యి తేడా కలుపు, నా చెవి తేడా కలుపు. 12.44 వస్తుంది. అదే నువ్వు ఆ అకాడమీ గేటు దాటిన రోజు నీ నిజమైన వేగం. ఇవాళ 12.22. నువ్వు వెనకపడలేదు తల్లీ, నీ జన్మలో ఇంత వేగంగా ఎప్పుడూ పరిగెత్తలేదు. లేని మనిషితో పోటీపడి ఓడిపోతున్నానని ఏడ్చావు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది తెలిసి పద్దెనిమిది రోజులైంది. నీకు ఆ రోజే రాయాల్సింది. ముప్ఫై ఏళ్ళ పేరు పోతుందని, నిరంజన్ ఏమనుకుంటాడోనని, నీ సీటుకి ఎసరు వస్తుందేమోనని రోజుకో సాకు చెప్పుకున్నాను. నీ ఉత్తరం చదివాక సిగ్గుతో చచ్చాను. నిరంజన్‌కి కూడా ఈ పూటే ఉత్తరం రాస్తున్నాను. నేను రాసిచ్చిన కాగితం తప్పని, ఆ తప్పులో నీకు వాటా లేదని, శిక్ష ఉంటే నాకు వెయ్యమని.

నాలుగు వందలకి మారాలో వద్దో ఆయన చెబుతాడు. ఉద్యోగంలో మాత్రం చేరవద్దు.

భక్తవత్సలం


షోళింగనల్లూరు,
డిసెంబరు 20

మాస్టారికి,

ఉత్తరం అందింది. నిరంజన్ సార్‌కి కూడా అందింది.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. కాని తెలిశాక పద్దెనిమిది రోజులు. ఆ పద్దెనిమిది రోజుల్లోనే నేను మంచం మీద పడుకుని తలగడ నోట్లో పెట్టుకుని ఏడ్చింది. ఆ రోజుల్లోనే క్యాబ్ కంపెనీకి వెళ్ళి సంతకం పెట్టబోయి వచ్చింది.

ఇప్పుడేమీ రాయలేను.

వర్షిణి


షోళింగనల్లూరు,
జనవరి 19

మాస్టారికి, అమ్మగారికి నమస్కారాలు.

ఉత్తరం చేరేలోపు కోపం దిగుతుందని మీరన్నారు. నాకు నెల పట్టింది. మీరూ రాయలేదు. నేను రాయకుండా మీరు రాయరని తెలుసు.

ముందు నిరంజన్ సార్ సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివి, బోర్డు దగ్గరికి వెళ్ళి పాత లెక్క చెరిపేశారు. 12.44 అని రాసి, కింద 12.22 అని రాసి, ఆ రెంటి మధ్య గీత గీశారు. "ఆరు నెలల్ల ఇంత తగ్గించినోళ్ళు ఈ అకాడమీల ఎవ్వరు లేరు. నాలుగు వందలు వద్దు, ఏం వద్దు" అన్నారు. ట్రయల్ పెట్టకుండా తీసుకోవడం తన తప్పేనని కూడా అన్నారు. "పేరు పోతదని తెలిసినా తన తప్పు తనే చెప్పుకునే పెద్దాయన్ని ఇప్పుడే చూసిన" అన్నారు. మార్చి షరతు మాత్రం అలాగే ఉంది. పన్నెండు లోపు రాకపోతే సీటు లేదు. అది న్యాయమే.

ఇక నా సంగతి. కోపమంతా కక్కేశాక కూర్చుని ఆలోచించాను. మీరు 11.9 అని మొదటిసారి చెప్పిన రోజు గుర్తుందా? నేను ఇంటిదాకా పరిగెత్తాను. ఆ వారమే అమ్మ నన్ను కుట్టు కంపెనీలో చేర్చడానికి మాట్లాడి వచ్చింది. నాన్న లారీ దిగి, "పన్నెండు లోపంటే ఏందే?" అని అడిగి, మీ దగ్గరికొచ్చి తెలుసుకుని, "అయితే ఉండనీ, పరిగెత్తనీ" అన్నాడు. మీ వాచ్ నిజం చెప్పి ఉంటే ఆ రోజు 12.2 వచ్చేది. నాన్న తల ఊపి ఊరుకునేవాడు. నేను ఇప్పుడు కాలర్లు కుడుతూ ఉండేదాన్ని.

కాని నేను కృతజ్ఞత చెప్పేది ఆ తప్పు టైంకి కాదు మాస్టారూ. తప్పు తప్పే. కళ్ళు కనపడకపోయినా రెండేళ్ళు ఒక్కరోజు మానకుండా వచ్చి గీత దగ్గర నిలబడ్డారు, దానికి. నేను ఎలా మొదలుపెడుతున్నానో కనపడకపోయినా నా అడుగుల చప్పుడు విని, "ఎడమ కాలు మెత్తగా పడుతోంది, గట్టిగా కొట్టు" అనేవారు. ఇక్కడ ఆ పలక మీద కాలు పెట్టగానే కంప్యూటరు మొదట చెప్పింది అదే, ఎడమ కాలి బలం తక్కువని. లక్షల ఖరీదు యంత్రం చూసి చెప్పింది మీరు చూడకుండా చెప్పారు. నాకు నేలను కొట్టడం మొదట నేర్పింది మీరు. అది చెప్పకుండా కోపం ఒక్కటే రాసి పంపినందుకు సిగ్గుగా ఉంది.

మొన్న ట్రయల్ 12.09. భుజాల మీదనుంచి ఎవరో దిగిపోయినట్టుంది. ఇంకా తొమ్మిది వందో వంతులు ఉన్నాయి. అవి వస్తాయో రావో తెలియదు. వెతుక్కోవడానికి మాత్రం భయం లేదు.

మీ
వర్షిణి


షోళింగనల్లూరు,
మార్చి 9

మాస్టారూ, అమ్మగారూ!

11.97.

ఎలక్ట్రానిక్ టైం. ఎదురుగాలి కొంచెం ఉంది కూడా. నాలుగో స్థానం వచ్చింది, పతకం లేదు. అయినా బోర్డు మీద నంబరు చూసి ట్రాకు మీదే కూర్చుండిపోయాను, వచ్చి లేపారు.

ఎలా పరిగెత్తానో చెప్పమంటే సగమే గుర్తుంది. తుపాకీ మోగింది. మొదటి ముప్ఫై మీటర్లు తల ఎత్తలేదు. అరవై దగ్గర నాకు ముందు ముగ్గురున్నారు, పక్కన ఒకమ్మాయి. ఇక్కణ్ణించి అందరమూ నెమ్మదించేవాళ్ళమే కదా అనుకున్నాను. అనుకోగానే దవడ వదులైంది, భుజాలు కిందికి దిగాయి. బిగబట్టి వేగం తెచ్చుకోవాలని చూస్తే ఉన్నదీ పోతుంది. ఉన్నదాన్ని జారనివ్వకుండా పట్టుకొచ్చాను, అంతే. పక్కనమ్మాయి వెనకపడింది.

సీటు ఇంకో ఏడాది ఖాయం చేశారు. నిరంజన్ సార్ నా చెయ్యి పట్టి ఊపి, "మీ మాస్టారుకి రాయి, ఆయన చెప్పిన పన్నెండు లోపు లెక్క, మూడు వందో వంతులు మిగిల్చి మరీ తీర్చినవని" అన్నారు. అమ్మ ఫోన్లో ఏడ్చింది. నాన్న లారీ ఆపి హారన్ కొట్టాడట, పోర్టు గేటు దగ్గర పోలీసు తిట్టాడట.

మాస్టారూ, ఏడాది నిండటానికి ఇంకా మూడు నెలలు ఉన్నాయి. షరతు ఎత్తేయండి. మిమ్మల్ని చూడాలి. కాళ్ళకి దండం పెట్టాలి, వద్దన్నా పెడతాను. ఈ పరుగు నాది ఒక్కదానిదే అని మనసుకి ఒప్పడం లేదు.

మీ
వర్షిణి


తిరువొత్తియూరు,
మార్చి 14

చి. వర్షిణికి ఆశీస్సులు.

షరతు నీకు పెట్టాను కాని నాకు నేను పెట్టుకోలేదు. నేను స్టేడియంలోనే ఉన్నాను.

జానకీ నేనూ పొద్దున్నే లోకల్ రైలెక్కి సెంట్రల్‌లో దిగి నడుచుకుంటూ వచ్చాం. గీతకి ఎదురుగా మెట్ల మీద కూర్చున్నాం. నీ కంట పడితే నీ ధ్యాస చెడుతుందని జానకి గొడుగు అడ్డం పెట్టింది. గొడుగు నాకూ అడ్డం వచ్చింది. "తియ్యవే, నేనొచ్చిందే చూడటానికి" అని కసిరాను. వాచ్ తీసుకురాలేదు. నీ టైం పట్టడానికి అక్కడ మంచి గడియారం ఉంది.

నంబరు బోర్డు మీద పడగానే జానకి గొడుగు వదిలేసి నా భుజం మీద కొట్టింది, ఇప్పటికీ నొప్పిగా ఉంది. కిందికి వద్దామనుకున్నాను. నీ చుట్టూ నీ స్నేహితులు, మీ నిరంజన్ ఉన్నారు. ఆ పూట నీది, మధ్యలో ముసలాణ్ణి దేనికని ఇంటికి వచ్చేశాం.

నువ్వు నాకు కృతజ్ఞత చెప్పావు. నాకు రాయడం చేతకాదు కాని, నీకు నేనే ఎక్కువ చెప్పాలి. తప్పు చేసిన వాచ్‌ని నువ్వు చివరిదాకా నమ్మావు, తప్పని తెలిశాక నన్ను నమ్మావు. అరవై ఆరేళ్ళకి ఇంతకంటే ఎవరూ ఇవ్వరు. ఆదివారం రా. జానకి కంజి పెడుతుంది. దండాలు వద్దు, నా పక్కన కూర్చుంటే చాలు.

నీకు ఒక సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. రెండేళ్ళు నీకు పరుగు నేర్పాను, నీ పరుగు మొదలు నేనెన్నడూ చూడలేదు. నువ్వు నాకు ఎప్పుడూ సగం దూరంలో పుట్టేదానివి. మొన్న చూశాను. ఆ చివర ఎనిమిదిమంది వంగారు, అందులో నిన్ను గుర్తుపట్టాను. తుపాకీ పేల్చే ఆయన చెయ్యి పైకెత్తాడు, తుపాకీ దగ్గర పొగ లేచింది. నువ్వు లేచావు. రెండు కాళ్ళూ బ్లాకులు వదిలాయి, ఎడమ కాలు నేలను గట్టిగా కొట్టింది. అంతా నా కళ్ళతో చూశాను తల్లీ. చప్పుడు నాకు ఆ తర్వాత వినబడింది.

భక్తవత్సలం